అద్దంలో కనపడని క్షౌరం

ఇరవై రెండేళ్ళు నిలబడి బతికిన మనిషికి నలభై ఏడో ఏట నిలబడటమే గిట్టకుండా పోయింది. సెలూన్ నడిపే ఆ మనిషిని పొడుగు చూసి అందరూ గడకర్ర అనేవారు. ఒక జ్వరం వచ్చి వారంలో పోయింది. అది మొదలు, కత్తెర పట్టుకుని పది నిమిషాలు నిలబడితే చాలు, గుండె దడదడలాడేది, కళ్ళకు బూడిదరంగు తెర దిగేది. ఒకరోజు కస్టమరు భుజం మీదే వాలిపోయాడు. చేతిలో కత్తి లేకపోవడం ఇద్దరి అదృష్టం.

ముగ్గురు డాక్టర్లు బల్లమీద పడుకోబెట్టి పరీక్షించారు. పడుకున్నంతసేపూ అతని ఆరోగ్యానికి వంక పెట్టగలవాడు లోకంలో లేడు.

"నిలబడ్డానికి బద్ధకమా బావా? దానికి మందు లేదులే," అన్నాడు బావమరిది.

"ఉంటే ముందు నీకే పోయించేవాణ్ణిరా," అన్నాడు గడకర్ర, గోడకు ఆనుకుని.

నాలుగో డాక్టరమ్మ బల్ల ఎక్కనివ్వలేదు. నిలబెట్టి నాడి చూసింది. డెబ్బై దగ్గర మొదలైన నాడి పదో నిమిషానికి నూట ఇరవై దాటింది.

"లేచి నిలబడితే ఎవరికైనా రక్తం కాళ్ళల్లోకి దిగుతుందండీ. అక్కడి రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపాలి. మీ నాళాలకు ఆ కబురు సరిగా అందట్లేదు. ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెడుతోంది."

"అయితే బద్ధకం కాదంటారు."

"బద్ధకస్తుడి గుండె ఇంత కష్టపడదండీ."

ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడుగుదామనుకున్నాడు, బావమరిది కోసం.

బిగుతు మేజోళ్ళు, ఉప్పు, నీళ్ళు, కూర్చుని పని. ఇదీ చికిత్స. చక్రాల స్టూలు తెచ్చుకుని, కస్టమరు కుర్చీ కిందికి దించి, వెనక కూర్చుని కత్తిరిస్తే క్రాపు మునుపటికన్నా బాగానే కుదిరింది. మాటలే కుదరలేదు. సెలూన్‌లో ఇద్దరూ అద్దంలోకి చూస్తూ మాట్లాడుకుంటారు. ఇప్పుడు అద్దంలో కస్టమరు తల ఉంది, దాని వెనక మనిషి లేడు. పక్కకు జరిగితే అతని చెవి ఒకటి కనపడేది. చెవితో ఎంతసేపని కబుర్లు చెబుతారు? ఒక్కొక్కరే ఎదురు వీధి సెలూన్‌కి మారిపోయారు. భార్య పోయాక ఇంట్లో ఎలాగూ మాట లేదు. ఇక మిగిలింది నెలకోసారి వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు ఒక్కడు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"కనపడవేం?"

"కిందున్నానండీ."

పోస్టుమాస్టరు నవ్వాడు. తర్వాత కత్తెర చప్పుడొక్కటే. పని అయిపోయింది. గడకర్ర కత్తెర పక్కన పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"హమ్మయ్య, ప్రత్యక్షమయ్యావు!" అన్నాడు పోస్టుమాస్టరు అద్దంలోకి. ఇక మోకాళ్ళ నొప్పులూ, కోడలి వంటా, పక్కింటి కుక్కా వరసగా వచ్చాయి. గడకర్ర అన్నిటికీ ఊఁ కొట్టాడు, కుక్క తరఫున కాస్త వాదించాడు కూడా. గుండె పరుగందుకుంది. తెర దిగుతోంది.

"మొహం పాలిపోయిందేమయ్యా! కూర్చో."

"కూర్చుంటే మీరు వెళ్ళిపోతారండీ."

పోస్టుమాస్టరు మెడ చుట్టూ ఉన్న గుడ్డ తనే విప్పుకున్నాడు. గడకర్ర స్టూలు మీదికి జారాడు.

"వచ్చే నెల వస్తాలే," అన్నాడు పోస్టుమాస్టరు, అద్దంలో తన తలకేసే చూస్తూ.

"సరేనండీ," అన్నాడు గడకర్ర, కింది నుంచి.