గుడ్డ కప్పని తట్ట

సోమవారం ఉదయం ఆరు గంటలకు మా మేనత్త చనిపోయింది. నగరి దగ్గరి మా ఊరి హైస్కూల్లో ఆయాగా పనిచేసి రిటైరైంది. ఆడపిల్లల బాత్‌రూమ్ అరలో ప్యాడ్లు అయిపోకుండా చూసిన మనిషి.

ప్యాడ్లు కొనలేని పిల్లలు నెలనెలా జ్వరమని చెప్పి ఇంటికి వెళ్లిపోవడం ఆమె చూసింది. ఇల్లిల్లూ తిరిగి ప్యాడ్లు ఇమ్మని అడిగింది. వచ్చినవాటిని హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కావలసినవాళ్లు పేరు రాసి సంతకం పెట్టాలన్నాడు. ఒక్క పిల్లా రాలేదు.

"దప్పికైతే సంతకం పెట్టి నీళ్లు తాగతారా సార్?" అని అడిగి, తాళంచెవి తీసుకుని, ప్యాకెట్లన్నీ అరలోకి మార్చేసింది.

నేను విలేకరిని. ఒకసారి పాత పేపర్లో చుట్టించి రెండు ప్యాకెట్లు తీసుకెళ్లాను. విప్పి చూసి నవ్వింది. "ఏమల్లుడా, నువ్వు వార్తలు రాసేది వీటిని దాసిపెట్టేదానికా?"

అత్త కూతురి కూతురు పెద్దమనిషైంది. మేనమామగా సారె తేవలసినవాడు అత్త కొడుకే. పట్టుచీర, గాజులు, పండ్ల తట్టల పక్కన ఆమె ఒక ఇత్తడి తట్ట నిండా ప్యాడ్లు పేర్చింది.

"నేను మొయ్యనుమ్మా, వీధిలో మానం పోతాది" అన్నాడు కొడుకు.

ఆమే గుడ్డ కప్పకుండా ఎత్తుకుని మేళం ముందు నడిచింది. అరుగు మీద నుంచి ఎవరో ఎకసెక్కెమాడారు: "ఏందక్కా, ఇదీ సారేనా?"

"రేపట్నించీ పాపకు పనికొచ్చేది ఇదొకటే. యాపిలు పండ్లు మీరు తినండప్పా."

పాపకు కొన్ని ఉంచి మిగతావి బడికి పంపింది. ఆ తర్వాత వాళ్ల మగ్గాల వీధిలో ఏ పాప వేడుకైనా ఆ తట్ట ఆమె ఇంటి నుంచే వెళ్లేది. సారె తెచ్చేవాళ్లు దాన్ని ప్యాడ్లతో నింపేవాళ్లు; పాపకు ఉంచగా మిగిలినవాటితో బడి అర నిండుతూ వచ్చింది.

బుధవారం ఎదురింటామె పలకరించడానికి వచ్చింది. ఆమె కూతురి వేడుక ఈ ఆదివారమే. వెళ్తూ వెళ్తూ తట్ట అడిగింది.

"మా ఇల్లు మైలలో ఉండాది కదక్కా, శుభానికి ఎట్లిచ్చేది?" అన్నాడు అత్త కొడుకు.

"బడిలో రెండు ప్యాకెట్లే మిగిలినాయంట నాయనా. మీయమ్మ మైలను ఎప్పుడన్నా లెక్కపెట్టిందా?"

అతను లోపలికెళ్లి తట్ట తెచ్చాడు. చింతపండు పెట్టి తోమి, తుడిచి ఆమె చేతికిచ్చాడు.

ఆదివారం పదిన్నరకు సారె బయలుదేరుతుంది. ఆ తట్టను ఎదురింటి పాప మేనమామ మోస్తాడు, మేళానికి ముందు. గుడ్డ కప్పరు. సోమవారం మొదటి గంట కొట్టేలోపు ప్యాకెట్లు బడి అరలో ఉంటాయి.