మేస్త్రికి పెట్టిన వీడ్కోలు భోజనాలు

ఆ రోజుల్లో డిగ్రీ పాసైనవాడికి ఉద్యోగం దొరికేలోపు ఇంట్లో ఏదో ఒక హోదా ఇచ్చేవారు. నేను బీఎస్సీలో జువాలజీ చదివాను కనుక జూలూరుపాడులోని మా ఇంట్లో నాకు పశువైద్య సలహాదారు హోదా దక్కింది. (అప్పటికి నేను దగ్గరగా చూసిన జంతువు ఒక కప్ప. అది కూడా నా చేతికి వచ్చేసరికే చనిపోయి ఉంది.) అందుకే మా నాయనమ్మ కుక్క మేస్త్రి జబ్బు పడినప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

మేస్త్రికి పదమూడేళ్లు. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని చివరిదాకా పర్యవేక్షించేది, తాను మాత్రం ఏ పనీ చేసేది కాదు. ఆ పేరు అలా వచ్చింది. తాతయ్య పోయినప్పటి నుంచి నాయనమ్మ మంచం కిందే దాని పడక. అలాంటిది నాలుగు రోజులుగా ముద్ద పెడితే వాసన చూసి పక్కకు తిరుగుతోంది, పడుకున్నచోటి నుంచి లేవడం లేదు. మా ఊరి పశువుల డాక్టర్ గారు గేదెల విషయంలో దిట్ట. వచ్చి, చూసి, "వయసైపోయిందమ్మా, ఇగ దానికి ఇష్టమైంది పెట్టుకోండ్రి" అని బండెక్కారు.

ఆ మాట మా వీధిలో గట్టిగా పనిచేసింది. చివరి రోజుల్లో ఉన్న మనిషిని చూడటానికి వచ్చేవాళ్లు చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తారు కదా, మేస్త్రికీ అదే మర్యాద జరిగింది. పక్కింటి అత్త పెరుగులో నానిన గారెలు తెచ్చింది. ఎదురింటి టీచరమ్మ ప్రార్థన చేసి, కేకు పెట్టి వెళ్లింది. మా చిన్నాన్న బోటి కూర కలిపిన అన్నం మెత్తగా పిసికి తినిపించి, కళ్లు తుడుచుకున్నాడు. మెత్తనివి కనుక మేస్త్రి నమలకుండా మింగేది, గంటలో కక్కేది. "ఆఖరి రోజులు, గట్లనే ఉంటది" అంటూ చిన్నాన్న మళ్లీ వడ్డించేవాడు. దాని పొట్ట ఉబ్బింది, తల ఎత్తడం కూడా మానేసింది. సలహాదారు హోదాలో నేను "జీవక్రియ మందగించింది" అని ప్రకటించాను. నాయనమ్మ తప్ప ఎవరూ ఎదురు చెప్పలేదు.

"వయసైపోవుడు గూడ రోగమేనారా? నాకూ డెబ్బై ఎనిమిది. రేపు నాకూ ఇష్టమైంది పెట్టి సూస్తరా ఏంది?"

"గట్లెందుకంటవే అమ్మా" అన్నాడు చిన్నాన్న.

"ఖమ్మంల ఇంకో దవాఖానా లేదా? జల్దీ బండి సూడుండ్రి."

మిర్చి మార్కెట్‌కు వెళ్లే ట్రాలీ ఆటో దొరికింది. బస్తాల పక్కన పాత దుప్పటి పరిచి మేస్త్రిని పడుకోబెట్టాం. ఏన్కూరు దాటినా కదలిక లేదు. నాయనమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. (తిరుగు ప్రయాణంలో ఆ ఒడి ఖాళీగా ఉంటే ఏం చేయాలో జువాలజీలో ఎక్కడా లేదు.) వైరా దాటాక మిర్చి ఘాటు తగిలి మేస్త్రి తల ఎత్తింది. తుమ్మింది.

"చిరంజీవ" అంది నాయనమ్మ, పసిపిల్లలకు అన్నట్టే. "పాణం గట్టిగనే ఉందిరా."

ఖమ్మంలో బల్ల మీద పడుకోబెట్టగానే మేస్త్రి మళ్లీ తుమ్మింది. డాక్టరమ్మ మొదట నన్నే అడిగింది. "తుమ్ములు ఎప్పటి నుంచి?"

"వైరా నుంచి, మేడమ్."

ఆమె నన్ను వదిలేసి మేస్త్రి నోరు తెరిచింది. వెనక దవడలో ఒక పన్ను కుళ్లి చీము పట్టి ఉంది. మొదట తిండి మానేసింది అందుకే. తర్వాత పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. నాయనమ్మ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. బోటి కూర దగ్గర డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"పంటి నొప్పికి కుక్క చావదమ్మా. మీ వీధోళ్ల ప్రేమకే చచ్చేటట్టుంది." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేం చదివినవ్ బాబూ?"

"బీకాం, మేడమ్" అన్నాను.

పన్ను తీసి, మందులిచ్చి, పది రోజులు గంజి తప్ప ఏదీ పెట్టొద్దంది. పదకొండో రోజు నేను ఉద్యోగ దరఖాస్తు నింపుతుంటే మేస్త్రి మెల్లగా నడిచొచ్చి, ఎదురుగా కూర్చుని చివరిదాకా చూసింది. ఇంకో మూడేళ్లు బతికింది. అది తన కూర మహిమేనని చిన్నాన్న ఇప్పటికీ అంటాడు.

ఈమధ్య నా మోకాలి నొప్పికి ఒక డాక్టర్ "వయసు కదండీ" అన్నాడు. నాకింకా నలభై నిండలేదు. మర్నాడే ఇంకో డాక్టర్ కోసం ఖమ్మం బస్సెక్కాను. వైరా దాటాక, ముందు పోతున్న మిర్చి ట్రాలీ ఘాటుకు గట్టిగా తుమ్మాను. బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. చుట్టూ ఒకసారి చూసి, నాకు నేనే మెల్లగా "చిరంజీవ" అనుకున్నాను.