నాన్న నడుముకీ నా కెమెరాకీ మధ్య వైరు

పెళ్ళిళ్ళకు వీడియో తీయడం నా పని. బ్యాటరీ మోయడం మా నాన్న పని. ఆ ఉద్యోగం నేనివ్వలేదు, ఆయనే లాక్కున్నారు. భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేన్ల కరెంటు పని చేసి రిటైరైన మనిషి. అమ్మ పోయాక స్మృతి నగర్‌లో మా ఇంటి గేటు దాటడం మానేశారు. షూటింగ్ ఉందంటే మాత్రం నాకంటే ముందే తయారైపోయేవారు. పెద్ద బ్యాటరీ ఉన్న బెల్టు నడుముకి కట్టుకుని, పెళ్ళి అయ్యేదాకా నా పక్కనే నడిచేవారు.

చిక్కంతా వైరుతో వచ్చింది. బ్యాటరీ నుంచి కెమెరాకు నేను వేసిన వైరు కట్టెలా బిగుసుకుని ఉండేది. నాన్న ఒక అడుగు అటూ ఇటూ వేస్తే చాలు, కెమెరాను లాగేసేది. సరిగ్గా తాళి కట్టే వేళ వీడియోలో బొమ్మ వణికిపోయిందని ఒక పెళ్ళివారు మొహం మాడ్చుకున్నారు. ఆ సాయంత్రం నాన్న బెల్టు తెచ్చి బల్ల మీద పెట్టేశారు.

"ఇంక నేను రానులేమ్మా. నా వల్ల నీ పని పాడైపోతంది" అన్నారు.

మెత్తని వైరు కోసం సుపేలా బజారంతా జల్లెడ పట్టాను. ఎలక్ట్రికల్ షాపుల వాళ్ళు ఇంటి వైరింగ్ చుట్టలే ముందేసి, ఇంతకంటే మెత్తంది ఎక్కడుంటుంది దీదీ అని విసుక్కున్నారు. వాళ్ళ ఎదుటే వైరును వేలికి చుట్టి వదిలేదాన్ని; చుట్టింది చుట్టినట్టే ఉండిపోయేది. చివరికి ఈ-రిక్షా బ్యాటరీలు బాగుచేసే కొట్లో ఎర్రదీ నల్లదీ సిలికాన్ వైరు కనబడింది. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు. వేలి మీద వేస్తే రెండు పక్కలా వాలిపోయింది.

"కిత్నా కాటూఁ, దీదీ?" అని ఎంత కత్తిరించాలో అడిగాడు కొట్టతను. నాన్న నాకెంత దూరంలో నడుస్తారో చేతులు చాపి చూపించాను.

ఇంటికొచ్చి రెండు చివర్లకూ కనెక్టర్లు అతికించి, టీ పెట్టడానికి లేచాను. తిరిగొచ్చేసరికి నాన్న ఆ రెండు వైర్లనూ కలిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్ల టేపుతో బిగించి చుట్టేశారు. ప్లాంటులో ఏ వైరూ వేలాడకూడదు, కదలకూడదు. అన్నేళ్ళూ ఆయన చేసింది అదే.

"ఇప్పుడు సూడు, ఎంత నీటుగుందో!" అన్నారు.

అంత తిరిగి తెచ్చిన మెత్తదనమంతా పోయింది. ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. పక్కన కూర్చుని టేపు ఊడదీయసాగాను. ఆయనకు అర్థమై నాలిక కరుచుకున్నారు. రెండో కొస నుంచి తనూ విప్పడం మొదలుపెట్టారు.

మధ్యలో ఆగి, "ఇన్ని తిప్పలేటమ్మా? ఆ బ్యాటరీ నీ బుజానికే తగిలించుకుంటే అయిపోద్ది కదా?" అన్నారు.

"అయిపోద్ది నాన్నా."

"మరి?"

"నువ్వు ఇంట్లో ఉండిపోతావు. నాకు నువ్వు పక్కనుండాల."

టేపు ముక్క ఒకటి వేలికి అంటుకుంటే చాలాసేపు దాన్నే తీస్తూ కూర్చున్నారు.

"రేపు ఎన్నింటికి బయల్దేరాల?" అన్నారు.