రోమన్ల కుంకుడుకాయలు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చినుకు పడితే కొల్లేరు పొంగిందంటాను. సగం తీసేసి చదువుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆకివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. నా పాఠానికి క్లాసంతా గుర్రుపెట్టేది. ఆ గురకకి పక్క చెరువుల్లో చేపలు బెదిరి గట్టెక్కేవి. చివరికి ఏలూరులో పాత పుస్తకాల కొట్టులో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ప్రాచీన రోము చరిత్రంతా బొమ్మలూ వెటకారమూనూ. దాన్ని తెలుగులో చెప్పడం మొదలెట్టాక, ఇంటర్వెల్ బెల్లు కొట్టినా పిల్లలు లేచేవారు కారు. ముందు బెంచీలో చేపల చెరువు కాపలాదారు కూతురు కూర్చునేది. నేను దగ్గినా నోట్సులో రాసుకునేది.

ఒకరోజు బట్టలుతికే పేజీ వచ్చింది. రోమన్లు మురికి వదలడానికి నిలవబెట్టిన మూత్రం వాడేవారట! ఆడపిల్లల ముందు ఆ మాట ఎలా అనను? మావైపు తుమ్ముకి కూడా 'అండీ' తగిలిస్తాం.

"కుంకుడుకాయలతో ఉతికేవారర్రా" అనేశాను.

"రోములో కుంకుడు చెట్లుంటాయాండీ?" అంది ఆ పిల్ల.

"మనవైపు నుంచే ఓడల్లో వెళ్లేవమ్మా. ఆకివీడు కుంకుళ్లంటే చక్రవర్తులు చెవి కోసుకునేవారు."

రాసుకుంది.

ఆ ఏడే తాడేపల్లిగూడెంలో క్విజ్ పోటీ. గెలిస్తే ఏలూరులో జిల్లా పోటీకి వెళ్లొచ్చు. హాల్లో పదివేలమంది జనం. మా ముందు బెంచీ పిల్లా, ఇంకో స్కూలు అమ్మాయీ సమానంగా ఉన్నారు. ఆఖరి ప్రశ్న: రోమన్లు బట్టలు దేంతో ఉతికేవారు?

"కుంకుడుకాయలతోనండీ!" అని మా పిల్ల ముందే అందుకుంది.

"మూత్రంతోనండీ" అంది రెండో అమ్మాయి, ఏ మొహమాటమూ లేకుండా.

హాలంతా గొల్లుమంది. మా పిల్ల కూడా నవ్వింది.

"నవ్వకండర్రా, అదే కరెక్టు" అన్నారు క్విజ్ నడిపే పెద్దాయన. మా పిల్ల నవ్వు ఆగిపోయింది. "కుంకుడుకాయలని నీకెవరు చెప్పారమ్మా?"

"మా మాస్టారండీ."

"అబ్బో! ఏరీ ఆ మహానుభావుడు? వచ్చారా?"

ఆ పిల్ల తిన్నగా నావైపే చూసింది. నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాదండీ, పిల్లది కాదు" అన్నాను.

ఇక్కడికొచ్చేసరికి నా గొంతు బొంగురుపోతుంది, వినేవాళ్లు నన్ను మెచ్చుకుంటారు. ఇన్నేళ్లూ ఇలాగే చెప్పుకొచ్చాను. హాల్లో ఉన్నది అరవైమంది, అది నా మామూలు కోతే. నేను లేచి నిలబడ్డం మాత్రం పచ్చి అబద్ధం. లేవలేదు. వంగి చెప్పు పట్టీ సర్దుకుంటూ కూర్చున్నాను.

"రాలేదండీ" అని ఆ పిల్ల చెప్పడం అలా వంగే విన్నాను.