తాత చంకలో థర్మామీటర్
అరవయ్యో దశకం చివర్లో, చెరుకు కోతల కాలం. బోధన్‌లో ఓ చిన్న ఆసుపత్రిలో రెండు వార్డులకూ నేనొక్కదాన్నే నర్సును. ఇంకొకరినైనా పెట్టండి, జీతమైనా పెంచండని అడిగితే, "కష్టమైతే బంద్ చేసి పో" అన్నాడు డాక్టరు.

ఆ మధ్యాహ్నం ఎడపల్లి నుంచి జ్వరంతో వచ్చిన ఒక తాత చంకలో థర్మామీటర్ పెట్టాను. "పడి పలిగితే నా జీతంల కోస్తరు తాతా, గట్టిగ పట్టుకో" అన్నాను.

"పట్టుకుంట బిడ్డా, నువ్వు పో" అన్నాడు.

అంతలో పక్క వార్డులో కాన్పుకు పిలిచారు. రెండు గంటల తర్వాత పరుగున వచ్చేసరికి తాత ప్రాణం పోయింది. చెయ్యి మాత్రం ఒంటికి అదిమిపెట్టే ఉంది. థర్మామీటర్ పగల్లేదు.

ఆ నెల నాకు పూర్తి జీతం ఇచ్చారు. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. అయినా తీసుకున్నాను.