స్పానిష్ రాని మనవరాలు

ఎనభైల మొదట్లో నేను టెక్సస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు నా రూమ్మేట్ ఒక మెక్సికన్ అమెరికన్ అమ్మాయి. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కెమిస్ట్రీలో ఎప్పుడూ ఏ గ్రేడే. తన ఇంగ్లీషు వింటే టీవీలో వార్తలు చదివేవాళ్లు గుర్తొచ్చేవారు. స్పానిష్ మాత్రం రాదు. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు.

ఫైనల్ పరీక్షల వారం మనవరాలికి వండిపెడదామని వాళ్ల నానమ్మ మెక్సికో సరిహద్దు దగ్గరి ఊరినుంచి బస్సులో వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ నవ్వులతో, సైగలతో నెట్టుకొచ్చేవారు. ఒక మధ్యాహ్నం ఆవిడ పొయ్యి దగ్గరే కడుపు పట్టుకుని కూలబడిపోయింది. నా పాత కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

“వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఏ మందైనా పడదేమో అడగండి,” అంది నర్సు, నా రూమ్మేట్ మొహం చూసి.

తను వంగి ఏవో రెండు ముక్కలు కూడబలుక్కుంది. నానమ్మ నర్సు ట్రేలోని సిరంజీ వైపు చూపిస్తూ, మనవరాలి మణికట్టు పట్టుకుని గబగబా ఏదో చెప్పింది. అదే మాట మళ్లీ, ఇంకా గట్టిగా.

“ఏమంటున్నారు?”

“నాకు... తెలీదు.”

నర్సు నమ్మలేనట్టు చూసి నావైపు తిరిగింది. “పోనీ మీరు చెప్పండి.”

“నాది ఇండియా అండీ. నాకూ రాదు.”

డాక్టరు వచ్చి, ఇంక ఆగలేమన్నాడు. రూమ్మేట్ కౌంటర్ మీది ఫోన్ లాక్కుని తండ్రి పనిచేసే గోడౌన్‌కి చేసింది. లోపలున్నాడు, పిలుస్తామన్నారు. ఇంకేం చెయ్యాలో తోచక నేను ముసలావిడ పాదాలు పట్టుకుని నిలబడ్డాను. చల్లగా ఉన్నాయి.

తండ్రి లైన్లోకి రాగానే తీగ సాగదీసి రిసీవర్ నానమ్మ చెవికి ఆనించింది. తర్వాత నర్సుకిచ్చింది. విన్న నర్సు ట్రే వెనక్కి పంపేసింది. ఇదివరకు ఎప్పుడో పెన్సిలిన్ ఇస్తే ఆవిడకి గొంతు మూసుకుపోయి ప్రాణం మీదికొచ్చిందట. ఆ మందు పేరు కొడుకుకి గుర్తుంది. ఆవిడకి గొంతు ఒక్కటే గుర్తుంది.

స్ట్రెచర్ లోపలికి వెళ్లాక తను మళ్లీ ఫోన్ తీసుకుంది. “నాకెందుకు నేర్పలేదు నాన్నా?”

ఆయనేమన్నాడో తర్వాత చెప్పింది. బడిలో స్పానిష్ మాట్లాడినందుకు ఆయన్ని చేతులు వాచేలా కొట్టేవారట. “నువ్వు ఆ దెబ్బలు తినకూడదనుకున్నానమ్మా. నువ్వు బాగా చదువుకోవాలనే.” తనకి కోపం వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఆవిడ బతికింది. ఆ తర్వాతి సెమిస్టర్‌లో తను మొదటి మెట్టు స్పానిష్ క్లాసులో చేరింది. ఇంట్లో మాట్లాడే భాషేగా, తేలిగ్గా ఏ గ్రేడ్ కొట్టేద్దామని వచ్చావా అని ప్రొఫెసర్ అందరి ముందూ అడిగాడట. చివరికి బీ వచ్చింది, తన చదువంతటిలో అదొక్కటే బీ. వేసవిలో నానమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. అవతల ఆవిడ నవ్వు నాదాకా వినిపించింది. “ఏం తప్పు మాట్లాడావే?” అన్నాను. “ఏమో. నవ్వనీ,” అంది.