సంతోషమ్మ రాయిని నీళ్లలో తూచిన రోజు

ఆలూరు మండలంలో మా బడి. నేను సైన్సు టీచర్ని, పేరు సాజియా, నోరు కాస్త పెద్దది. సంతోషమ్మ మా పదో తరగతి మహిమకు తల్లి. భర్త పోయాడు, రెండెకరాల మెట్ట మిగిలింది. వాన తప్పిన ఏడాది గుంటూరు వైపు మిరప కోతలకు లారీ ఎక్కుతుంది. ఈసారి మహిమనూ తీసుకుపోతానంది. అలా పోయిన పిల్లలు మళ్లీ బడి మెట్లెక్కడం నేను చూడలేదు. పిల్లను మా ఇంట్లో ఉంచమంటే, "ఒకరింట్లో వదిలి పోతానా?" అని తల తిప్పేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆమెకు ఒకటే ఆశ. మా వైపు తొలకరి వానలకు చేలల్లో అప్పుడప్పుడు వజ్రాలు బయటపడతాయి. ఆమెకూ ఈ తొలకరికి చేలో రేగిపండంత తెల్లరాయి దొరికింది. అది వజ్రమైతే ఇద్దరూ ఊళ్లోనే ఉండిపోవచ్చు. వ్యాపారికి మాత్రం చూపించదు.

"వాళ్లు వజ్రాన్ని కూడా గాజంటారు టీచరమ్మా," అని కొంగున కట్టుకుని తిరిగేది.

రేపు లారీ వస్తుందనగా నేను కర్బనం సాంద్రత పాఠం చెబుతున్నాను. బొగ్గు నీళ్లలో తేలింది. పెన్సిల్ ములుకు మునిగింది, దాని సాంద్రత నీళ్లకు రెండు రెట్ల పైచిలుకు వచ్చింది.

"వజ్రానికి మూడున్నర. మూడూ కర్బనమే. ఎంత ఒత్తుగా ఉందన్నదే తేడా," అన్నాను.

"మా అమ్మ రాయి చూద్దామా మేడమ్?" అంది మహిమ.

కబురంపితే సంతోషమ్మ పరుగున వచ్చింది.

మహిమే తూచింది. ముందు మామూలుగా, తర్వాత దారం కట్టి నీళ్లలో వేలాడదీసి. నీళ్లలో తగ్గిన బరువుతో మొదటి బరువును భాగించింది.

"రెండు పాయింట్ ఆరు. పలుగురాయి మా."

"ఇంగొకసారి చూడు పాపా. యాడన్నా తప్పు పోయిండాదేమో."

మళ్లీ తూచింది. యా అల్లా, ఈ పిల్ల ఒక్క అంకె తప్పు రాస్తే బాగుండనిపించింది నాకు, టీచర్నై ఉండి కూడా!

"తప్పేమీ లేదు మా. ఉత్త రాయే," అని మహిమ ఏడ్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు.

"నువ్వు పోతే పో సంతోషమ్మా! పిల్లను నాకొదులు! నాలుగు మెతుకులు నాకేం బరువు కాదు!"

సంతోషమ్మ కొంగుతో కూతురి కళ్లు తుడిచింది.

"వజ్రమని ఒక్క మాట అనుంటే నమ్మి ఈడే ఉండిపోయేదాన్ని. అది తెలిసీ నిజం చెప్పింది. ఇట్లాంటి పిల్లను మిరపచేలో వంచి నేనేం బాగుపడతా? నీకాడే ఉంచుకో టీచరమ్మా."

మర్నాడు లారీ ఆమె ఒక్కతే ఎక్కింది.